కిల్పెక్ మేలా, బ్లైత్‌బరా మేలా?

ఇంగ్లండ్‌లో ఉన్న కొడుకు దగ్గరకో కూతురు దగ్గరకో వెళ్లిన పెద్దలు వెస్ట్‌మినిస్టర్, కాంటర్‌బరీ లాంటి పెద్ద చర్చిలు చూసేశాక అడిగే ప్రశ్న ఒకటుంది: "మధ్యయుగాల నాటి పల్లెటూరి చర్చి ఒక్కటైనా చూడాలి. ఉన్నది ఒక్క రోజు. ఎక్కడికి వెళ్లమంటారు?" నేను రెండు పేర్లు చెబుతాను. పడమట వేల్స్ సరిహద్దు దగ్గర, హెరెఫర్డ్‌షైర్‌లోని కిల్పెక్ ఒకటి. తూర్పు తీరానికి దగ్గర్లో, సఫక్‌లోని బ్లైత్‌బరా రెండోది. ఇవి చెరో దిక్కున ఉన్నాయి కనుక ఒక్క రోజులో రెండూ కుదరవు, ఎంచుకోక తప్పదు.

ఎంచుకునే ముందు ఒక విషయం తెలిసి ఉండాలి. కెథీడ్రల్ అనే పెద్ద చర్చి బిషప్పుది, పారిష్ చర్చి ఊరిది. పారిష్ అంటే ఒక క్రైస్తవ గురువు చూసుకునే ప్రాంతం, తెలుగు కథోలికులు దాన్ని విచారణ అంటారు. 13వ శతాబ్దం నాటికి ఇంగ్లండ్‌లో ఒక పంపకం ఆచారంగా స్థిరపడింది. బలిపీఠం ఉండే తూర్పు భాగాన్ని చాన్సెల్ అంటారు, దాని మరమ్మతు గురువు బాధ్యత. జనం చేరే పెద్ద భాగాన్ని నేవ్ అంటారు, దాని కప్పు కారినా గోడ పగిలినా బాగు చేయించాల్సింది ఊరివాళ్లే. రెంటికీ నడుమ నగిషీ చెక్కిన ఒక చెక్క తెర, దానిమీద సిలువ వేయబడిన క్రీస్తు, ఇరుపక్కల మరియ, యోహాను బొమ్మలు ఉండేవి. అందుకే ఏ పాత చర్చిలో అడుగుపెట్టినా నేను మొదట వెతికేది ఒకటే: ఇందులో ఊరివాళ్లు ఎక్కడ కనిపిస్తారు?

కిల్పెక్‌లో ముందుగా కనిపించేది ఆ ఊరిని ఏలిన ప్రభువు. పక్కనే అతని కోట దిబ్బ ఇప్పటికీ ఉంది. హ్యూ అనే నార్మన్ ప్రభువు 1134లో ఇక్కడి చర్చిని గ్లౌస్టర్ మఠానికి రాసిచ్చాడు. ఇప్పుడున్న కట్టడం ఆ తర్వాత, 1140 ప్రాంతంలో లేచింది. చాలా చిన్నది. నేవ్, చాన్సెల్, తూర్పు కొసన అర్ధవలయపు గది, అంతే. కానీ దక్షిణ ద్వారం ముందు నిలబడితే కాలు కదలదు. తలుపు పైన అర్ధచంద్రాకారపు రాతిలో పండ్లతో నిండిన చెట్టు చెక్కారు. చుట్టూ తోరణంలో పక్షులు, చేపలు, ఏ అడవిలోనూ పుట్టని జంతువులు. పక్క స్తంభం మీద తీగల్లో చిక్కుకున్న ఇద్దరు యోధులు, ఒకరి తల పైన ఇంకొకరు. వాళ్ల టోపీల మొనలు, పంట్లాముల మడతలు వేలితో తడిమి లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. దాదాపు 900 ఏళ్ల ఎండావానల తర్వాత కూడా ఆ ఎర్ర ఇసుకరాయి అంచులు మొద్దుబారలేదు.

తర్వాత తల పైకెత్తి చర్చి చుట్టూ తిరగాలి. చూరును మోసే చెక్కడపు రాళ్లు 85 మిగిలాయి. ఒకదానిమీద కుక్కా కుందేలూ పక్కపక్కన ఒదిగి కూర్చున్నాయి, వేట సంగతి రెండూ మరిచిపోయినట్టు. ఇంకోచోట వాద్యం వాయించేవాడు, మరోచోట సిలువ మోసే గొర్రెపిల్ల, వీటి మధ్యనే కాళ్లు ఎడం చేసి తన మర్మాంగాన్ని చేతులతో విప్పి చూపే స్త్రీ. షీలా న గిగ్ అనే ఈ రూపం దిష్టి తగలకుండానా, పాపం గురించి హెచ్చరికా, సంతానం కోసమా అన్నది పండితులు ఈనాటికీ తేల్చుకోలేదు. శిల్పుల పేర్లు ఎవరికీ తెలియవు, వాళ్ల పనితనాన్ని హెరెఫర్డ్‌షైర్ శైలి అని మాత్రం పిలుచుకుంటారు.

లోపలికి వెళితే చాన్సెల్ తోరణపు స్తంభాల మీద ఒకరిపై ఒకరు ముగ్గురేసి పునీతులు, ఒక పెద్ద రాతి జ్ఞానస్నానపు తొట్టి. అవి చూశాక మిగిలేవి బోడి గోడలే. రాతి చెక్కడం మీద మక్కువ ఉన్నవాళ్లకు కిల్పెక్‌ను మించింది నాకు తెలిసి ఇంగ్లండ్‌లో లేదు. కానీ ఆ ఊళ్లో పుట్టి, అక్కడే పెళ్లాడి, అక్కడే మట్టిలో కలిసిన మామూలు మనిషి ఆనవాలు మాత్రం అందులో దొరకదు.

ఆ మనిషి దొరికేది బ్లైత్‌బరాలో. ఒకప్పుడు అది రేవు పట్టణం. నదిలో పూడిక చేరి రేవు మూతపడటంతో పల్లెగా కుంచించుకుపోయింది. 1412లో చాన్సెల్‌ను తిరిగి కట్టుకోవడానికి అనుమతి దొరికాక, ఆ శతాబ్దమంతా పని సాగింది. ఊరివాళ్లు చనిపోతూ వీలునామాల్లో రాసిచ్చిన సొమ్మే దానికి ఆధారం. ఇప్పుడు బురద మైదానాల మీద ఓడలా నిలబడ్డ ఆ చర్చిని చూస్తే, ఇంత చిన్న ఊరికి ఇంత పెద్ద గుడి ఎందుకో అర్థం కాదు.

లోపల మొదట తగిలేది వెలుగు. పాత రంగుటద్దాలు దాదాపు అన్నీ పోయాయి. తెల్ల అద్దాల్లోంచి దిగే వెలుతురు కప్పు మీది మధ్యయుగపు రంగుల్ని చూపిస్తుంది. నడి దూలం వెంట రెక్కలు చాచిన దేవదూతలు. చర్చిలో బొమ్మలు కూడదనే ప్యూరిటన్ల తరఫున వాటిని పగలగొట్టిస్తూ తిరిగిన విలియం డౌసింగ్ 1644లో ఇక్కడికి వచ్చి ఆ దేవదూతల్ని దించేయమన్నాడు. అన్నీ దిగలేదు, ఆ ఎత్తే వాటిని కాపాడింది. వాటి ఒంట్లో సీసపు గుళ్లు దొరికితే చాలాకాలం ఆ నేరాన్నీ అతని మనుషుల మీదే మోపారు. అవి 18వ శతాబ్దంలో కప్పులో చేరిన కాకుల్ని కొట్టడానికి పేల్చిన గుళ్లని తర్వాత తేలింది.

ఇక బల్లల దగ్గరకు రండి. జనం నిలబడే అలవాటు పోయి కూర్చోవడం మొదలైన 15వ శతాబ్దపు ఓక్ బల్లలివి. ఒక్కో బల్ల కొసన ఒక్కో చిన్న బొమ్మ. సోమరితనం మంచంలో కూర్చుని ఉంది. పిసినారితనం డబ్బు పెట్టె మీద ఎక్కి కూర్చుంది. తిండిపోతు తన బానపొట్టను పట్టుకున్నాడు. చాడీలకోరు నాలుక బయటపెట్టాడు. ప్రతి ఆదివారం లేస్తూ కూర్చుంటూ ఎన్ని చేతులు వీటిని పట్టుకున్నాయో, చెక్క అంతగా నునుపు తేలింది. మీ చెయ్యీ ఒకసారి వేయండి. చదువు రాని రైతుకు చేతికందే ఎత్తులో ఉన్న పాఠం ఇది. కిల్పెక్ రాళ్లు ఎంత గొప్పవైనా మెడ ఎత్తి చూడాల్సినవే.

బ్లైత్‌బరా దెబ్బలు తిన్న కట్టడమన్నది నిజం. 1577 ఆగస్టు 4న పిడుగు పడి శిఖరం కూలింది, ఒక మనిషీ ఒక బాలుడూ చనిపోయారు. ఉత్తర తలుపు మీది కాలిన మచ్చల్ని దెయ్యపు నల్లకుక్క గోళ్ల గుర్తులని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. 1881లో ప్రమాదకరమని మూసేసిన చర్చిని మూడేళ్లకు మళ్లీ తెరిచారు. నిండుగా, చెక్కుచెదరకుండా ఉన్నది కావాలంటే మాత్రం ఈ రెండూ వద్దు. గ్లౌస్టర్‌షైర్‌లోని ఫెయిర్‌ఫర్డ్‌కు వెళ్లండి, ఉన్ని వర్తకుడు జాన్ టేమ్ కట్టించిన ఆ చర్చిలో 28 కిటికీలకూ 1500 ప్రాంతపు రంగుటద్దాలు ఉన్నాయి.

నన్నడిగితే ఆ ఒక్క రోజూ బ్లైత్‌బరాకే. నా మొగ్గు అటు ఉండటానికి, రెండు మూడు మైళ్ల దూరంలోని వెన్‌హాస్టన్ చర్చి కూడా కారణం. 1892లో అక్కడ మరమ్మతు చేస్తూ, సున్నం కొట్టిన పాత చెక్కపలకల్ని పనికిరావని బయట పడేశారు. రాత్రి వాన పడింది. తెల్లారేసరికి సున్నం కరిగి తుది తీర్పు చిత్రం బయటపడింది. పునీత పేతురు ముందు రాజు, బిషప్పు బట్టల్లేకుండా నిలబడ్డారు, తలమీద రాజు కిరీటం, బిషప్పు టోపీ మాత్రం ఉన్నాయి. ఆ పలకల నడుమ సిలువ ఆకారంలో ఒక ఖాళీ, దానికి ఇరుపక్కల రెండు మనిషి ఆకారాల ఖాళీలు కనిపిస్తాయి. చెక్క తెర మీద ఉండేవని మొదట చెప్పానే, ఆ క్రీస్తు, మరియ, యోహాను బొమ్మలు నిలిచిన చోటు అదే.