నరసాపురం పంటు మీదకి ఇన్నోవా ఎక్కించొచ్చా?

ఎక్కించొచ్చండి, నిక్షేపంలా. పంటంటే బళ్లనీ జనాన్నీ ఏరు దాటించే బల్లకట్టు లాంటిది. కాకపోతే పెద్ద బండి ఉన్నవాళ్ల గుబులు నాకు తెలుసు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

నరసాపురం నుంచి అంతర్వేది వెళ్లాలంటే రెండు దార్లు. పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటి, దిండి, మలికిపురం చుట్టుకుని సఖినేటిపల్లి చేరడం ఒకటి. రేవులో పంటెక్కి గోదారి పాయ వశిష్ఠని అడ్డంగా దాటేయడం రెండోది. బైకులవాళ్లకీ, ఆల్టోలవాళ్లకీ ఇందులో ఆలోచించడానికేం లేదు. మాది ఇన్నోవా క్రిస్టా. పొడవు 4,735 మిల్లీమీటర్లు, వెడల్పు 1,830, పక్క అద్దాలు అదనం. భీమవరం సందుల్లో రోజూ తిప్పేదాన్నే గానీ, నీళ్ల మీద ఊగేదాని మీదకి ఎక్కించమనేసరికి అరచేతులు చెమటలు పట్టేశాయి. మావారికి డ్రైవింగ్ రాదు, సలహాలు వచ్చు.

అసలు గుండె జారేది ఎక్కడంటే రేవు వాలులో దిగేటప్పుడు. బానెట్ అవతల గోదారి తప్ప ఇంకేం కనపడదు. పంటు అంచుకీ గట్టుకీ మధ్య దింపిన ఇనపరేకు మన కళ్లకి ఆనదు. ముందు చక్రాలు దాని మీద పడగానే ఢంగుమని చప్పుడు, బండి ముక్కు పైకి లేస్తుంది, అద్దంలో ఆకాశం. ఆ రెండు క్షణాలూ ఊపిరి బిగబట్టి హాఫ్ క్లచ్‌లో పోనిచ్చేయడమే. మధ్యలో బ్రేకేశారా, ముందు చక్రాలు పంటు మీద, వెనకవి గట్టు మీద, ప్రాణం నోట్లో!

ఇక్కడ పంటు కుర్రాడికి నూటికి నూరు మార్కులు. లుంగీ ఎగ్గట్టి, తలకి తువ్వాలు చుట్టుకుని, నాకెదురుగా నిలబడి ఒక్క చెయ్యే ఊపాడు. "నన్నే చూడండి మేడంగారూ, స్టీరింగ్ తిప్పకండి, వచ్చేయండి వచ్చేయండి." గట్టు మీద అప్పటికే అరడజను మంది డ్రైవింగ్ మాస్టర్లు తయారు. ఒకాయన కుడి అంటాడు, ఇంకొకాయన ఎడం అంటాడు. వాళ్లెవర్నీ చూడకండి. ఎక్కాక హ్యాండ్‌బ్రేకు లాగి, ఫస్ట్ గేర్‌లో పెట్టి, ఇంజను ఆపమన్నాడు. చక్రం కింద చెక్కముక్క అడ్డం పెట్టి, కాలితో తన్ని చూసుకుని గానీ పక్కకి వెళ్లలేదు.

ఆ తర్వాత బైకులు వచ్చి చుట్టూ సర్దుకుంటాయి, మీ డోరు తెరుచుకోదు. అందుకే పెద్దవాళ్లని గట్టు మీదే దింపేసి నడిపించి ఎక్కించండి. దాటడానికి పది పదిహేను నిమిషాలు. గాలి మాత్రం భలే ఉంటుంది.

మా తమ్ముడు కొంకణ్ రైల్వేవాళ్లు 2025లో మొదలెట్టిన కార్ల రైలు గురించి తెగ చెబుతుంటాడు. మహారాష్ట్ర కోలాడ్‌లో కారుని రైలెక్కిస్తే గోవా వెర్నాలో దించుతారట, మనం మాత్రం వేరే పెట్టెలో కూర్చోవాలిట. నా వల్ల కాదు బాబూ. పంటు మీదైతే నా బండి పక్కనే నిలబడి చెయ్యి వేసుకోవచ్చు.

టైము చూసుకోవడం ముఖ్యం. సముద్రం దగ్గరే కదా, ఆటుపోట్లు ఇక్కడిదాకా తెలుస్తాయి. పోటు మీద నీళ్లు నిండుగా ఉంటే పంటు గట్టుకి సమంగా వస్తుంది. నీళ్లు లాగేసినప్పుడు వాలు బాగా నిటారవుతుంది, పొడుగు బండికి కింద తగిలే భయం ఉంటుంది. "పోటెప్పుడండీ" అని రేవులో అడిగితే ఎవరైనా చెబుతారు. గోదారికి వరదొస్తే పంటు ఆపేస్తారు. భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం రోజుల్లో అయితే కారు మాటే ఎత్తకండి, జనమే జనం.

దిగడం ఎక్కడం కన్నా తేలికే గానీ ఒక్క సంగతి. క్రిస్టాకి లాగేవి వెనక చక్రాలు. ముందువి గట్టెక్కినా వెనకవి ఇంకా తడి రేకు మీదే ఉంటాయి. నాకు ఒకసారి గిర్రుమని జారాయి కూడా. ఎక్సలేటర్ తొక్కేయకుండా నిదానంగా ఇస్తే వాటంతటవే పట్టుకుంటాయి.

మొత్తమ్మీద ఈ పంటు ప్రయాణానికి అయిదుకి నాలుగున్నర మార్కులు ఇస్తాను. ఆ అర తగ్గించింది మా అత్తయ్యగారి కోసం. ఆవిడ పంటు మీదున్నంతసేపూ నరసింహస్వామిని తల్చుకుంటూ నా భుజం వదల్లేదు. తిరుగు ప్రయాణం చించినాడ మీదుగానే రావాలని పట్టు. పాలకొల్లులో క్షీరారామం దర్శనం కూడా అవుతుంది కదమ్మా అన్నారు, సరే అన్నాను.