పూర్తి టమ్మీ టక్, మినీ టమ్మీ టక్: కోతలోనూ కోలుకోవడంలోనూ తేడా

పొట్టపై వదులైన చర్మాన్ని కోసి తీసేసే శస్త్రచికిత్సే టమ్మీ టక్. దాని పూర్తి, మినీ పద్ధతుల్లో ఏది సరిపోతుందో తేల్చేది బొడ్డు. వదులైన చర్మం బొడ్డుకు కిందనే ఉంటే మినీ చాలు. పైన కూడా వేలాడుతూ, కాన్పుల తర్వాత పొట్ట మధ్య కండరాలు ఎడంగా జరిగిపోయి ఉంటే పూర్తి శస్త్రచికిత్సే తగినది. కోత చిన్నదని మినీని ఎంచుకుంటే పైభాగం అలాగే మిగిలిపోతుంది.

పూర్తి పద్ధతిలో ఒక తుంటి నుంచి మరో తుంటి దాకా కోత పెట్టి, కండరాలను దగ్గరకు కుట్టి, చర్మాన్ని కిందికి లాగి, బొడ్డుకు కొత్త చోట రంధ్రం చేస్తారు. మినీలో కోత పొట్టిది, బొడ్డు సాధారణంగా కదలదు.

అసలు తేడా ఇంటికి వచ్చాక తెలుస్తుంది. పూర్తి శస్త్రచికిత్స తర్వాత మొదటి వారం నడుము వంచే నడవాలి, మోకాళ్ల కింద దిండు పెట్టుకుని పడుకోవాలి. దగ్గినా, నవ్వినా కుట్లు లాగుతాయి. ద్రవం పోవడానికి గొట్టాలు ఉండవచ్చు. కూర్చుని చేసే పనికి 2 నుంచి 3 వారాలు, బరువులెత్తడానికి సుమారు 6 వారాలు ఆగాలి. మినీలో ఆఫీసుకు 1 నుంచి 2 వారాల్లో వెళ్లగలుగుతారు.

మచ్చ రెండింటిలోనూ శాశ్వతమే, కాకపోతే ఏడాదికి పాలిపోతుంది. పిక్క వాచినా, ఊపిరి ఆడకపోయినా రక్తం గడ్డకట్టిందేమోనని అనుమానించి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పొగతాగేవారి గాయం ఆలస్యంగా మానుతుంది కాబట్టి శస్త్రచికిత్సకు కనీసం 4 వారాల ముందే పొగతాగడం మానేయాలి. బరువు తగ్గడానికి మాత్రం ఈ రెండూ మార్గాలు కావు.