పొత్తిగుడ్డా, డైపరా, క్లాత్ డైపరా: ఏది మేలు?

బిడ్డ పుట్టిన ఇంట్లో ఈ చర్చ తప్పదు. అమ్మమ్మ పాత చీరలు చింపి పొత్తిగుడ్డలు సిద్ధం చేస్తుంది. తండ్రి మెడికల్ షాపు నుంచి వాడి పారేసే మామూలు డైపర్ల ప్యాకెట్ తెస్తాడు. బాలింత ఫోన్‌లో ఉతికి మళ్ళీ తొడిగే బట్ట డైపర్లు, అంటే క్లాత్ డైపర్లు చూస్తూ ఉంటుంది. నా ఓటు క్లాత్ డైపర్‌కే. అయితే ఇంట్లో బట్టలు ఉతికేది ఎవరో ముందు తేల్చుకోవాలి.

ఈ కథలో ఇద్దరు తల్లుల పేర్లు చెప్పుకోవాలి. అమెరికాలో మారియన్ డోనోవన్ షవర్ కర్టెన్ కోసి, తడి బయటికి రాని కవరు కుట్టింది. 1949లో న్యూయార్క్‌లో అమ్మకానికి పెట్టింది, 1951లో పేటెంట్ వచ్చింది. తర్వాత వాడి పారేసే కాగితపు డైపర్ చేద్దామని కంపెనీల చుట్టూ తిరిగితే ఎవరూ పట్టించుకోలేదు. వాడి పారేసే పాంపర్స్ డైపర్ బజారులోకి వచ్చింది 1961లో. మన దేశంలో 2016లో ముంబైకి చెందిన పల్లవి ఉతగి సూపర్‌బాటమ్స్ అనే కంపెనీ మొదలుపెట్టి, ఉతికి మళ్ళీ వాడుకునే డైపర్లను మధ్యతరగతి ఇళ్ళ దాకా తెచ్చారు.

ఇలాంటి వ్యాపారం చేసే మహిళలంటే నాకు గౌరవం. మామూలు డైపర్ల కంపెనీకి తల్లి ప్రతి నెలా తిరిగి రావాలి. క్లాత్ డైపర్ అమ్మే ఆవిడ సరుకు ఎంత మన్నితే ఆవిడకి అమ్మకం అంత తక్కువ. రెండో కాన్పుకీ అవే బయటికి తీస్తారు. అది తెలిసీ మన్నే సరుకే చేయడానికి గుండె కావాలి.

ఇక డబ్బు లెక్క. మామూలు డైపర్ పది, పన్నెండు రూపాయలు అనుకుందాం. రోజుకి నాలుగు చొప్పున నెలకి పన్నెండు వందల పైమాటే. అదే రెండేళ్ళు సాగితే ముప్పై వేలకి అటూ ఇటూ అవుతుంది. క్లాత్ డైపర్లు ఒక్కోటి ఆరు, ఏడు వందలు పెట్టి పది కొన్నా ఏడు వేల లోపే. పొత్తిగుడ్డకి ఖర్చే లేదు, ఒంటికి మెత్తన, గాలి ఆడుతుంది. కాకపోతే ఒక్కసారి తడిస్తే చాలు, పక్క కూడా తడుస్తుంది. మొదటి నెలంతా బిడ్డ మంచం మీదే ఉంటుంది కాబట్టి అప్పటికి పొత్తిగుడ్డని మించింది లేదు.

భూమి సంగతికొస్తే, బట్టది కాబట్టి మంచిదే అని కళ్ళు మూసుకుని అనకూడదు. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2008లో లెక్క కట్టింది. రెండున్నరేళ్ళ వాడకానికి మామూలు డైపర్ల కర్బన భారం, అంటే వాటి వల్ల గాల్లో చేరే కార్బన్ డయాక్సైడ్ లెక్క, దాదాపు 550 కిలోలు, బట్టవాటిది 570! వేడినీళ్ళలో ఉతకడం, డ్రయ్యర్‌లో ఆరబెట్టడమే అందుకు కారణం. మిషన్ నిండా వేసి ఉతికి, బయట తీగ మీద ఆరేసి, రెండో బిడ్డకి కూడా వాడితే ఆ భారం సుమారు 200 కిలోలు తగ్గుతుంది. మేడ మీద దండెం, ఎనిమిది నెలల ఎండ ఉన్న మనకి ఇది ఊరికే దొరికే లాభం. మామూలు డైపర్‌లో తడిని జెల్లీలా పట్టి ఉంచే పాలిమర్, ప్లాస్టిక్ పొరలు ఉంటాయి. అవి మట్టిలో కలవవు. గట్టిగా చుట్టి, తడి చెత్తలో కలపకుండా ఇవ్వాలని 2016 నుంచి కేంద్రం నిబంధన ఉంది. మన వీధుల్లో అవి ఎక్కడ కనిపిస్తాయో మీకు తెలుసు.

మరి ఉతుకుడు? మోషన్ అయితే ముందు నీళ్ళతో కడిగేసి, తర్వాత సబ్బు పెట్టాలి. ఫ్యాబ్రిక్ కండిషనర్ వేస్తే గుడ్డ తడి పీల్చదు. కొత్తవాటిని నాలుగైదుసార్లు ఉతికాకే పూర్తిగా పీలుస్తాయి. ముసురు పట్టిన రోజుల్లో లోపలి ప్యాడ్ ఒక పూటలో ఆరదు. ఈ చాకిరీ అంతా పచ్చి బాలింత నెత్తిన పడేటట్టయితే, పర్యావరణం పేరు చెప్పి ఆమెని నొప్పించకండి. డైపర్లే కొనండి. భర్త మిషన్ వేసి దండెం మీద ఆరేసే ఇంట్లో మాత్రం క్లాత్ డైపర్ హాయిగా కుదురుతుంది.

చర్మం విషయంలో ఫలానాదే గొప్పని చెప్పలేను. ఏదైనా సరే, గంటల తరబడి మార్చకపోతే ఒరుసుకుపోతుంది.

రైలు ప్రయాణాలకీ ఆసుపత్రికీ మామూలు డైపరే వాడుకోండి. క్లాత్ డైపర్లయితే ఒకేసారి డజను కొనకండి. ముందు రెండు తీసుకుని తొడల దగ్గర ఎలాస్టిక్ మరీ బిగుతుగా ఉందా, ఖాళీ వదులుతోందా చూసి, వారం వాడాక మిగతావి తెప్పించుకోండి.