మూసీ వెంట చదును దారిలో

మోకాలు నొప్పి ఉన్న సైకిలిస్టుకి హైదరాబాద్ అచ్చొచ్చే ఊరు కాదు. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ అని పేర్లలోనే గుట్టలున్నాయి. "తొక్కడం మానొద్దు, ఎత్తులు మాత్రం ఎక్కొద్దు" అంది ఫిజియోథెరపీ మేడమ్. అప్పటినుంచి మూడు నెలలుగా ఈ ఊళ్లో చదును దారుల కోసం వెతుకుతున్నాను.

మొదట అందరూ చెప్పేదే చూశాను, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్. 2023 అక్టోబరు 1న తెరిచారు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఒక పాయ, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో పాయ, మొత్తం 23 కిలోమీటర్లు. ఎండ తగలదు, నున్నటి దారి. సైకిల్ లేనివాళ్లకు అద్దెకు కూడా దొరుకుతుంది. పిల్లలతో వెళ్లేవాళ్లకు, ఆఫీసు అయ్యాక గంటసేపు తొక్కేవాళ్లకు ఇంతకన్నా మంచిది సిటీలో లేదు. నాకు మాత్రం మూడో వారానికే మొహం మొత్తింది. పక్కన కార్ల హోరు, నెత్తిన పలకలు, జిమ్‌లో తొక్కుతున్నట్టే ఉంది.

గండిపేట వైపు గాలీ నీళ్లూ బాగుంటాయి గానీ కోకాపేట దగ్గర ఎత్తులు మోకాలికి పడవు. ఆదివారం ఎనిమిది దాటితే కార్లతో వేగలేం. హిమాయత్‌సాగర్ సర్వీసు రోడ్డు కాస్త నయం, కాకపోతే గేట్లు ఎత్తినప్పుడు రోడ్డు మీదికే నీళ్లొచ్చి దారి మూసేస్తారు.

అప్పుడు మా బావ అన్నాడు, "బావా, నీళ్లు పోయే దారి పట్టుకో, అదే చదునుగా ఉంటుంది" అని. వాళ్లది కృష్ణా జిల్లా. చిన్నప్పుడు కాల్వ గట్టు మీద సైకిల్ తొక్కుకుంటూ బడికెళ్లినవాడు. లాకులు, బల్లకట్లు అంటూ మొదలుపెడితే ఒక పట్టాన ఆపడు. సరే, మనకీ ఒక నది ఉంది కదా అని ఆగస్టులో ఒక శనివారం పొద్దున ఐదున్నరకి ఇద్దరం ఉప్పల్‌లో బయల్దేరాం. పీర్జాదిగూడ, ప్రతాపసింగారం, ఏదులాబాద్ మీదుగా మూసీ పారే వైపే, పోచంపల్లి దాకా.

ముందు వాసన గురించి చెప్పాలి. ఉంటుంది. ప్రతాపసింగారం దాకా బాగా ఉంటుంది, ఆ తర్వాత మన ముక్కే సర్దుకుంటుంది. 1908 వరద తర్వాత ఊరిని కాపాడటానికి పైన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) కట్టారు. వానాకాలం దాటితే ఆ రెండింటి కిందికి అసలు నది నీళ్లు పెద్దగా రావు. ఏడాదంతా పారేది మన స్నానాల గదుల నీళ్లే. వాటితోనే ఒడ్డున పశువుల గడ్డి పెంచుతారు, కట్టలు కట్టి ఆటోల్లో డెయిరీలకు పంపుతారు. తెల్లవారుజామున ఆ గడ్డి ఆటోల వెనకే తొక్కాం. వాటి వేగం, మా వేగం ఒకటే.

ఏదులాబాద్‌లో గోదాదేవి గుడి ముందు చాయ్ తాగి, లోపలి దారుల్లో బీబీనగర్ వైపు తిరిగాం. ఇక్కడినుంచి దారి నిజంగా చదును. రెండు వైపులా వరి, కొంగలు. మా బావ మొదటిసారి నోరు మూసుకుని తొక్కాడు. కిందికి పోయేకొద్దీ నదికి అడ్డంగా కత్వలు వస్తాయి. వాళ్ల వైపు ఆనకట్ట అంటారు, మన దగ్గర కత్వ. ఆ కత్వల నుంచే పిల్లాయిపల్లి కాల్వ, బునాదిగాని కాల్వ, ధర్మారెడ్డి కాల్వ మళ్లించారు. నీళ్లు రాళ్ల మీంచి దూకేచోట తెల్లటి నురగ మనిషెత్తు లేచి, గాలికి ముక్కలై పొలాల్లోకి ఎగిరిపోతోంది. దూరం నుంచి దూది ఆరబోశారనుకున్నాం. దగ్గరికెళితే సబ్బు వాసన.

కాల్వ గట్టు మీద తొక్కుదామన్న ఆశ ఇక్కడే అడియాస అయింది. గట్టు మట్టిది, వానకి ట్రాక్టరు చక్రాలు పడి గాళ్లు కట్టింది. సన్న టైర్లు నిలవవు. కాల్వ పక్కనే పోయే ఊరి రోడ్డే దిక్కు. "ఇది గట్టా, దుక్కి దున్నిన చేనా?" అన్నాడు బావ. రుద్రవెల్లికి ముందు ఒక చోట మేకలకి నరికిన తుమ్మ కొమ్మలు రోడ్డు మీదే ఉన్నాయి. వెనక టైరు పోయింది.

నా దగ్గర ట్యూబు ఉంది, పంపు బావ బ్యాగులోంచి తీసి ఇంట్లోనే పెట్టొచ్చాడు. కిలోమీటరు నడిపించుకెళితే పంక్చర్ షాపు. ఆయన నా వాల్వు చూసి, "ఏంది సార్, ఇంత సన్నగుంది?" అన్నాడు. ఆయన గాలి పైపు దానికి పట్టదు. దాన్ని మామూలు వాల్వుగా మార్చే ఇత్తడి మూత ఒకటుంటుంది, చిటికెన వేలి గోరంత. నలభై రూపాయలది కొనలేదు. ఆయన పాత ట్యూబు ముక్క ఒకటి కోసి, వాల్వు చుట్టూ బిగించి, రెండు వేళ్లతో నొక్కిపట్టి గాలి కొట్టాడు. ఐదోసారికి నిలిచింది. ఇరవై రూపాయలే తీసుకున్నాడు. "వాన పెద్దగ పడితె బ్రిడ్జి మునుగుతది, చూస్కొని పోండ్రి" అని కూడా చెప్పాడు. రుద్రవెల్లి, జూలూరు మధ్య ఉన్నది లోలెవల్ బ్రిడ్జి, వరదొస్తే రాకపోకలు బంద్. ఆ రోజు నీళ్లు బ్రిడ్జికి ఒక అడుగు కిందుగా పోతున్నాయి, దాటాం.

పోచంపల్లి చేరేసరికి నా మీటరులో 52 కిలోమీటర్లు. బస చేసిన గది పన్నెండు వందలు. దుప్పట్లు శుభ్రం, వేడి నీళ్లు బకెట్‌తో అడిగి తెచ్చుకోవాలి. సైకిళ్లు గదిలోకి తేవద్దన్నారు, మెట్ల కింద కుక్కపిల్లల పక్కన కట్టేశాం. రాత్రంతా వాటి గురించే టెన్షన్. మీరు వెళ్తే ఫోన్‌లోనే సైకిల్ మాట ఎత్తండి. మెస్సులో జొన్నరొట్టె, కోడికూర మాత్రం ఎన్ని మార్కులేసినా తక్కువే.

సాయంత్రం వీధిలో నడుస్తుంటే ఒక ఇంటి అరుగు మీద ఆసు పోస్తున్న, అంటే చీర నేతకి ముందు దారం చుట్టి సిద్ధం చేస్తున్న, ఆవిడ కనిపించింది. అర్ధచంద్రాకారంలో కొయ్య మేకులు, వాటి చుట్టూ దారం చుడుతూ చెయ్యి అటూ ఇటూ. ఒక్క చీరకి తొమ్మిది వేల సార్లు చెయ్యి ఆడించాలి. ఆలేరు వైపు చింతకింది మల్లేశం వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేకే దీనికి యంత్రం చేశాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఈవిడ ఇంకా చేత్తోనే పోస్తోంది. నా మోకాలి సంగతి బావ ఎత్తబోతే కళ్లతోనే వద్దన్నాను.

ఆదివారం తిరుగు ప్రయాణంలో అసలు బండారం బయటపడింది. మూసీ తూర్పుకి పారుతుంది, ఆగస్టులో గాలి పడమర నుంచి వీస్తుంది. అంటే పోయేటప్పుడు పల్లమూ గాలీ రెండూ మనవైపే, వచ్చేటప్పుడు రెండూ ఎదురే. పోయేటప్పుడు గంటకి 22 తొక్కినవాళ్లం, వచ్చేటప్పుడు 15 దాటలేదు. విజయవాడ హైవే పట్టుకుంటే త్వరగా రావచ్చు గానీ ఆ లారీల పక్కన నేను తొక్కను. చదును దారిలో గాలే గుట్ట. బావని ముందు పెట్టి, ఆయన వీపు చాటున ప్రతాపసింగారం దాకా వచ్చాను. మోకాలు ఒక్కసారి కూడా మూలగలేదు, నడుం మాత్రం పట్టేసింది.

డిసెంబరులో మళ్లీ వెళ్తాం. అప్పటికి పడమటి గాలి పడిపోతుంది, పంట కోతలుంటాయి. ఇత్తడి మూతలు రెండు కొన్నాను. పంక్చర్ షాపు అన్న నంబరు కూడా ఉంది, బ్రిడ్జి మీద నీళ్లున్నాయో లేదో బయల్దేరే ముందు అడగడానికి.