దుప్పట్లకు చన్నీళ్లా, వేడినీళ్లా?

అనంతపురంలో మా ఇంటి బోరులో వచ్చేవి ఉప్పునీళ్లు. వాషింగ్ మెషీన్ హీటరు చుట్టూ తెల్లటి గార సున్నపు పెచ్చులా పేరుకుపోవడం కళ్లారా చూశాక, ప్రతి ఉతుకుకూ 60 డిగ్రీలు పెట్టడం మానేశాను. నీరు ఎంత వేడెక్కితే గార అంత త్వరగా కడుతుంది. కరెంటులో ఎక్కువ భాగం కూడా నీళ్లు కాచడానికే పోతుంది.

రోజువారీ చొక్కాలకు, రంగు బట్టలకు 30 డిగ్రీలు చాలు. మే నెలలో మిద్దె మీది ట్యాంకు నీళ్లే అంతకు మించి వేడిగా వస్తాయి! రక్తపు మరకకైతే తప్పకుండా చన్నీళ్లే వాడాలి. వేడి తగిలితే అది నూలు పోగుల్లోనే గట్టిపడి ఇక వదలదు.

కానీ దిండు గలీబులు, పరుపు మీది దుప్పట్ల విషయంలో నేను రాజీపడను. కంటికి కనిపించని ధూళి పురుగులు చన్నీళ్లకు చావవు, వాటికి 60 డిగ్రీలు కావాలి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారున్నా, ఎవరికైనా గజ్జి, వాంతులు, విరేచనాలు వచ్చినా వేడినీళ్లే మేలు. ముందు బట్టకు కుట్టిన లేబుల్ చూడండి. తెల్లని నూలు ఆ వేడిని ఓర్చుకుంటుంది. పట్టు, ఉన్ని ఓర్చుకోవు.