నాటుకోడి గుడ్లకు పీఐడీ ఇంక్యుబేటర్: వాడి చూశాక

ఇంక్యుబేటర్ కొనేవాళ్లు ముందు ఎన్ని గుడ్లు పడతాయనే అడుగుతారు. అంతకన్నా ముందు లోపల వేడిని అదుపు చేసే కంట్రోలర్ ఏదో అడగండి. డబ్బు పెట్టాల్సింది దానికే.

నా పాత పెట్టెలో ఉన్నది మామూలు థర్మోస్టాట్. వేడి తగ్గితే హీటర్ ఆన్, పెరిగితే ఆఫ్, అంతే. ఆఫ్ అయ్యాక కూడా హీటర్‌లో మిగిలిన వేడి గాలిలోకి వస్తూనే ఉంటుంది. 37.5 డిగ్రీల దగ్గర ఆగాల్సింది 38 దాటేసి, మళ్లీ 37 కిందికి జారేది. రాత్రంతా ఒకటే టెన్షన్.

కొత్త పెట్టెలో ఉన్న పీఐడీ కంట్రోలర్ మూడు సంగతులు చూస్తుంది: ఇప్పుడు తేడా ఎంత, అది ఎంతసేపటిగా తీరకుండా ఉంది, ఎంత వేగంగా మారుతోంది. కావలసిన వేడికి చేరకముందే హీటర్‌ను తగ్గించుకుంటూ వస్తుంది. అసలు గొప్పతనం రెండో వారం దాటాక తెలిసింది. గుడ్లలో పిల్లలు పెరిగేకొద్దీ వాటి ఒంటి వేడి కూడా పెట్టెలో కలుస్తుంది. నేను మీట ముట్టుకోలేదు, హీటర్ తనంతట తానే తగ్గింది.

జరిగినదాన్ని గమనిస్తూ తన పనిని తానే సరిదిద్దుకోవడం. జంతువులోనైనా యంత్రంలోనైనా ఈ అదుపు ఒకే తీరుగా నడుస్తుందని 1948లో అమెరికా గణిత శాస్త్రవేత్త నార్బర్ట్ వీనర్ రాశాడు, ఆ శాస్త్రానికి సైబర్నెటిక్స్ అని పేరు పెట్టాడు. పొదుగుకు కూర్చున్న కోడి చేసేదీ అదే. పొట్ట కింద ఈకలు రాలిన చర్మంతో గుడ్ల చలువ పసిగట్టి, వాటిని ఇంకా గట్టిగా కప్పుకుంటుంది. నాకు ఈ మాట పుస్తకంలో కన్నా గంపలో బాగా అర్థమైంది.

ఇక లోపాలు. వేడిని కొలిచే సెన్సర్‌ను ఫ్యాన్ పక్కన వేలాడదీశారు. కంట్రోలర్ ఎంత మంచిదైనా సెన్సర్ చెప్పిందే నమ్ముతుంది కదా! గుడ్ల ఎత్తుకు దించి, ఇంకో థర్మామీటర్‌తో సరిచూశాకే కింది ట్రే కుదుటపడింది. ఆటోట్యూన్ (కంట్రోలర్ ఆ పెట్టెకు తగ్గట్టు తన లెక్కలు తానే సరిచేసుకునే పని) మాత్రం ట్రేలు, నీళ్ల గిన్నె పెట్టి, గుడ్లు పెట్టకముందే నడపండి. ఆ సమయంలో వేడి బాగా ఊగుతుంది. ఇంకో లోపం, ఈ పెట్టె తేమను చూపిస్తుంది తప్ప అదుపు చేయదు. చివరి 3 రోజులు 65 శాతం పైన నిలపడానికి నీళ్లు మనమే పోయాలి. ఈ ధరకు అది అన్యాయం.

బ్యాటరీ తగిలించుకునే లైన్ కూడా లేదు, నేను విడిగా ఇన్వర్టర్ పెట్టుకున్నాను. కరెంటు పోయే ఊళ్లవాళ్లు ఆ సౌకర్యం ఉన్న మోడలే తీసుకోండి.