క్యాన్సర్ అని తెలిశాక ఎవరి మాట వినాలి: యూట్యూబా, వెబ్‌సైటా, అనుభవం ఉన్నవాళ్లా, రెండో డాక్టరా?

తెలుగులో క్యాన్సర్ గురించి వెతికితే ముందు దొరికేది యూట్యూబే. దాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. ఇంగ్లీషు రాని అమ్మకు రేడియేషన్ ఎలా ఇస్తారో తెలుగులో చెప్పే క్యాన్సర్ డాక్టర్లు అక్కడ ఉన్నారు. కానీ ఆ వీడియో పక్కనే ఆకు రసంతో గడ్డ కరిగిస్తాననే మనిషి కూడా ఉంటాడు, అతనికే ఎక్కువ లైకులు. 2024 నవంబరులో మాజీ క్రికెటర్ సిద్ధూ తన భార్య నాలుగో స్టేజ్ క్యాన్సర్ పసుపు, వేప, నిమ్మరసం ఉన్న ఆహారంతో తగ్గిందని చెప్పారు. దానికి రుజువు లేదని, వైద్యం ఆపొద్దని టాటా మెమోరియల్‌కు చెందిన 262 మంది క్యాన్సర్ డాక్టర్లు ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. నిజానికి సిద్ధూ భార్యకు ఆపరేషన్, కీమో రెండూ జరిగాయి. ఆ సంగతి వాట్సాప్ ఫార్వర్డుల్లో ఉండదు. క్యాన్సర్ నయం చేస్తామని మందును ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. కాబట్టి మాట్లాడేవాళ్లు క్యాన్సర్ డాక్టరేనా, చివర్లో ఏమైనా అమ్ముతున్నారా అన్నది చూశాకే వినండి.

నమ్మకం విషయంలో అమెరికా ప్రభుత్వ నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైటు చాలా మేలు. ఒక్కో క్యాన్సర్ గురించి రోగుల కోసం ఒక వ్యాసం, డాక్టర్ల కోసం ఒకటి విడిగా రాస్తారు. ఎప్పుడు సవరించారో తేదీ కూడా ఉంటుంది. రిపోర్టులోని మాటలు అర్థం కావడానికి ఇది బాగా పనికొస్తుంది. గ్రేడ్ 3 అని చూసి మూడో స్టేజ్ అనుకుని కుప్పకూలిపోయే కుటుంబాలు ఎన్నో. గ్రేడ్ అంటే మైక్రోస్కోప్ కింద కణాలు ఎంత మారిపోయి కనిపిస్తున్నాయన్నది; స్టేజ్ అంటే జబ్బు ఎంతవరకు పాకిందన్నది. రెండూ వేరు.

ఇబ్బందల్లా అది ఇంగ్లీషులో ఉండటం, అమెరికా వైద్యాన్ని బట్టి రాయడం. అక్కడున్న అబ్బాయో అమ్మాయో అది చదివి "ఆ కొత్త మందు ఎందుకు రాయలేదు" అని ఫోన్ చేస్తే, ఇక్కడ డాక్టరు మీద నమ్మకం పోతుంది, ఇంట్లో టెన్షన్ పెరుగుతుంది. ఇంట్లో ఒక్కరే రోగుల భాగం చదివి మిగతావాళ్లకు తెలుగులో చెప్పడం మంచిది. ఎన్నేళ్లు బతుకుతారన్న లెక్కలు మాత్రం మొదటి వారంలో చూడొద్దు. అవి కొన్నేళ్ల కిందట జబ్బు బయటపడిన వేలమందిని కలిపి వేసినవి, మీ నాన్నగారి గురించి కావు.

నోరు పూసినప్పుడు ఏం తినగలరు, ఆసుపత్రి దగ్గర గది ఎక్కడ దొరుకుతుంది, జుట్టు రాలేటప్పుడు పిల్లలకు ఏం చెప్పాలి? వీటికి ఆ జబ్బు దాటినవాళ్లే సరైన గురువులు. అదే ఓపీలో పక్కన కూర్చున్న అక్క చెప్పే మాట ఎంత ధైర్యమిస్తుందో ఏ వెబ్‌సైటూ ఇవ్వలేదు. అయితే మందు గురించి మాత్రం వాళ్లను అడగొద్దు. రొమ్ము క్యాన్సర్‌లోనే ఈఆర్, పీఆర్ (గడ్డ హార్మోన్లతో పెరిగే రకమా అని చూసేవి), హెర్2 (ఆ పేరున్న ప్రోటీన్ ఎక్కువగా ఉందా అని చూసేది) అనే పరీక్షల ఫలితాలను బట్టి వైద్యం మారిపోతుంది. ఆరోగ్యశ్రీ కాగితాలకైతే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లాలి.

ఇక ఆపరేషనా, కీమోనా, ఏది ముందు అన్న ప్రశ్న వచ్చినప్పుడు నా ఓటు రెండో అభిప్రాయానికే. మొదటి డాక్టరు నొచ్చుకుంటారేమోనని చాలామంది వెనకాడతారు. మంచి డాక్టర్లు నొచ్చుకోరు. బయాప్సీ (గడ్డ ముక్క తీసి చేసే పరీక్ష) స్లైడ్లు, ఆ ముక్కను మైనంలో భద్రపరిచిన బ్లాకులు, స్కాన్ సీడీలు అడిగి తీసుకోండి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి ఉన్నాయి. కదలలేనివాళ్లు నవ్య అనే ఆన్‌లైన్ సేవలో రిపోర్టులు పెడితే, దేశంలోని క్యాన్సర్ ఆసుపత్రుల కూటమి అయిన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ నిపుణుల అభిప్రాయం రాతపూర్వకంగా వస్తుంది. మిగతా మూడింటికీ లేని బలం రెండో అభిప్రాయానికి ఉంది: ఇది మీ రిపోర్టు చూసి చెప్పే మాట.

ఒక్క జాగ్రత్త. అక్యూట్ లుకేమియా లాంటి, వేగంగా ముదిరే రక్త క్యాన్సర్లలో అభిప్రాయాల కోసం రోజులు గడపకూడదు. ఎన్నాళ్లు ఆగొచ్చో మొదటి డాక్టరునే సూటిగా అడగండి.